వేలం తర్వాత

కంపెనీలకు సలహాలు చెప్పే వాళ్లకు పాఠం చెప్పడం రూబీ పని. సాఫ్ట్‌వేర్ తయారు చేయకముందే, ఆ పనిలో ఉన్న మనుషులందరినీ ఒక్క గోడ ముందర నిలబెట్టి, ఏమేం జరుగుతుందో చీటీల మీద రాయించి, వరసగా అంటించడం ఎలాగో నేర్పుతుంది. నేర్పే మనిషి అడగాలే తప్ప పెన్ను ముట్టకూడదు. చీటీ మీద పని పేరు రాయాలే గానీ మనిషి పేరు రాయకూడదు. ఇవి ఆమె తనే పెట్టుకున్న కట్టుబాట్లు.

ఆ రోజు దిల్‌సుఖ్‌నగర్ హాల్లో గడ్డిఅన్నారం పాత పండ్ల మార్కెట్‌ను గోడకెక్కించమంది. ఆ మార్కెట్ ఊరవతలికి పోయి ఏళ్లయింది. అక్కడ మామిడికాయలు ఏరిన ఆమె తల్లి లింగమ్మ అంతకు ముందే కన్నుమూసింది. తల్లి ఊసెత్తే మనిషి లేక రూబీకి ఎంత బెంగో! ఆ గోడ మీదైనా ఒక్కసారి అమ్మ కనబడుతుందేమోనని ఆశ.

నేర్చుకోవడానికి వచ్చిన వాళ్లలో తిరుపతి అనే కుర్రాడు హుషారుగా మూడు చీటీలు అంటించేశాడు. లోడు వచ్చింది, వేలం అయింది, లారీ పోయింది.

"వేలానికీ లారీకీ నడుమ ఏం కాలేదా?" అంది రూబీ.

"ఏమైతది మేడం? కొన్నరు, పోయిన్రు."

"జర ఆలోచించుండ్రి. ఎవరూ లేకుండెనా ఆడ?"

"మీరే చెప్పరాదుండ్రి, అన్నం టైమైంది!"

అందరూ నవ్వారు. విజయవాడ వైపు నుంచి వచ్చిన కృష్ణకుమారి మాత్రం నవ్వలేదు. "మీరు అడుగుతున్నట్టు లేదండీ, వెతుకుతున్నట్టుంది. ఎవరున్నారక్కడ?"

"మా అమ్మ."

"అయితే ఇటు రండి. పని తెలిసినవాళ్లని గోడ ముందర నిలబెట్టమన్నది మీరేగా. ఇప్పుడు నేనడుగుతాను. వేలం అయ్యాక ఆవిడ ఏం చేసేవారు?"

రూబీ వచ్చి గోడ ముందర నిలబడింది. "కాయల కింద పరిచిన గడ్డిల చెయ్యి పెట్టి కాయకాయా ఏరేది."

తిరుపతి రాయబోయి ఆగాడు. "ఏం రాయాలె మేడం, కూలీ అనా? పేర్లు రాయొద్దంటిరి."

"లింగమ్మ అని రాయి, తమ్మీ."

తిరుపతి అలాగే రాసి, వేలం చీటీ పక్కన అంటించాడు.

"తర్వాత లింగమ్మగారు ఏం చేశారు?" అంది కృష్ణకుమారి.

ఆ పేరు మరొకరి నోట విని ఎన్నేళ్లయిందో! రూబీ చెప్పుకుంటూ పోయింది. దెబ్బ తగిలిన కాయను వాసన చూసింది. చెడ్డ సగం కోసి పారేసి, మంచి సగం బడికి పోయే తన బిడ్డ చేతిలో పెట్టింది. నల్లా కింద చేతులు కడుక్కుంది. కొంగుకంటిన గడ్డి దులుపుకుంది. తిరుపతి అన్నం సంగతే మరిచి, ఒక్కో మాటకీ ఒక్కో చీటీ అంటిస్తూ, చోటు కోసం లారీ చీటీని జరుపుతూ జరుపుతూ గోడ చివరిదాకా తెచ్చాడు.

"ఇగ ఇంటికి పోయిందా మేడం?"

"ఆగు, ఇంకా పోలే," అంది రూబీ. "కొంగుకు ఇంకో గడ్డిపోస ఉంది."