ఉల్లంకికి బురద కావాలి

ఉల్లంకి పిట్టకు కావలసింది నిండు చెరువు కాదు, బురద. బురదలోకి ముక్కు దింపి పురుగు లాగితేనే దాని కడుపు నిండుతుంది. ఈ ముక్క మా కంపెనీలో ఒక్కడికీ తెలియదు. తెలిసిన నా మాట ఎవడూ వినడు.

ఈ అరబ్బుల దేశంలో, ఘాలా అనే పేట అవతల, శుద్ధి చేసిన మురుగునీళ్ళు నిలవపెట్టే చెరువు మీద వాల్వు డ్యూటీ నాది. అక్టోబరులో చలిదేశాల నుంచి పిట్టలు దిగుతాయి. ఏడేళ్ళుగా చూస్తున్నాను, ఒక్కదాని ఊరూ తెలియదు. మొన్న సోమవారం ఒక ఉల్లంకి కాలికి పచ్చ పట్టీ కనిపించింది. దాని మీద ఏవో అక్షరాలు, నా కంటికి ఆనలేదు. మణికుమారికి ఫోన్ చేశాను. కాకినాడ పిల్ల, ఈ ఊరి ఆసుపత్రిలో నర్సు. సెలవు దొరికితే పెద్ద కెమెరాతో ఇక్కడే ఉంటుంది.

"ఆ అక్షరాలు ఫొటో తీసి పంపితే చాలన్నయ్యా, ఆ పట్టీ ఏ దేశంలో కట్టారో పిట్టల లెక్కలు చూసేవాళ్ళు చెప్పేస్తారు. శుక్రవారం వస్తాను, అప్పటిదాకా దాన్ని కాస్త ఆపండి."

"ఆపనీకె అది నా మేకనా చెల్లె? బురదుంటె ఉంటది."

బుధవారం ఫోర్‌మన్ ఇస్రార్ వచ్చాడు. శుక్రవారం పిట్టలు చూసే పెద్దమనుషులు వచ్చి ఒడ్డున గుడారాలు వేస్తారట.

"భీమన్నా, బురద కనబడొద్దు. పానీ ఫుల్ భరో!"

"సాబ్, వాళ్ళొచ్చేదే పిట్టల కోసం. నింపితే ఒక్కటీ ఉండదు" అని హిందీలో మొత్తుకున్నాను.

"నీకు జీతం పిట్టలిస్తున్నాయా? తిప్పు."

తిప్పలేదు. అతనే తిప్పాడు. గురువారం పొద్దుటికి నీళ్ళు చెరువు అంచులు తాకాయి. ఉల్లంకులు రెండు చుట్లు తిరిగాయి. కాలు మోపే చోటు లేదు. సముద్రం వైపు పోయాయి.

శుక్రవారం తెల్లటి గుడారాలు, ఖరీదైన దుర్భిణులు, అద్దంలాంటి నీళ్ళు, రెండు బాతులు. మణికుమారి రాత్రి డ్యూటీ దిగి నిద్రపోకుండా వచ్చింది. కెమెరా సంచి జిప్పు కూడా తీయలేదు.

"పిట్టలేవి?" అని ఒక అతిథి అడిగితే ఇస్రార్ వేలు నా మీదికి తిప్పాడు.

"వాటి తిండి ఈ నీళ్ళ కింద ఉంది. మీకు బురద కనబడకూడదని ముంచేశాం" అన్నాను. మణికుమారి ఇంగ్లీషులో పొల్లుపోకుండా చెప్పింది. మేనేజర్ పరుగెత్తుకొచ్చాడు. నీళ్ళు వెంటనే దించమన్నాడు.

"నాలుగు రోజులు పడుతుంది సాబ్" అన్నాను.

"ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు ఇస్రార్, అందరి ముందూ, సిగ్గులేకుండా.

"పోనీలెండన్నయ్యా, వచ్చే ఏడు చూద్దాం" అంది మణికుమారి.

"వచ్చేడు గూడ వీళ్ళే ఉంటరు చెల్లె."

పంపు రూమ్‌లోంచి ఎర్రరంగు డబ్బా తెచ్చాను. మోకాలి లోతు నీళ్ళలో దిగి, నీళ్ళకు పైన మిగిలిన చెరువు గోడ మీద కిందికి చూపే బాణం గుర్తు వేశాను. పక్కన హిందీలో రాశాను: అక్టోబరులో నీళ్ళు దీనికి మోకాలెత్తు కిందే, బురద తేలాలి.

"పర్మిషన్ ఎవరిచ్చారు?" అని ఇస్రార్ ఒడ్డు మీద నుంచి అరిచాడు.

"ఎవరూ ఇవ్వలేదు" అని, దాని కిందనే అరబీలో కూడా రాయించడానికి, ఆ భాష వచ్చిన గేటు కాపలాదారును పిలిచాను.