ఎడమ రెట్ట

లసుమవ్వ కొప్పు ముడి వేయబోతే ఎడమచెయ్యి చెవి దాకా లేచి అక్కడే ఆగిపోయింది. నిన్న సూది వేసిన చోట రెట్ట గట్టిపడి, ముట్టుకుంటే వెచ్చగా తగిలింది. ఒళ్ళు కూడా కొంచెం కాలుతోంది. రోజంతా నాట్లు వేసి వచ్చినట్టు నడుమూ తొడలూ పీకుతున్నాయి. ఆమె జుట్టును కుడిచేత్తోనే మెలిపెట్టి, పళ్ళ మధ్య పట్టుకున్న పిన్ను గుచ్చి లేచింది.

గుమ్మంలో రాజన్న చెప్పులు వేసుకుంటున్నాడు. పసుపు సీజను. మార్కెట్ యార్డులో హమాలీలకు పొద్దున్నే పని. ఎంత ఉతికినా ఆయన బనీను పచ్చదనం పోదు.

"ఇయ్యాల పోకు. నీకు సూది పడలే," అన్నాడు పెళ్ళాన్ని చూసి.

"పడకేమాయె? రెట్ట గుంజుతది, పెయ్యి జర ఎచ్చగైతది, ఒకటి రెండు దినాల్ల పోతదని సిస్టరమ్మ ముందుగాలనే చెప్పింది."

"ఊపిరాడకపోతే?"

"ఊపిరాడకున్నా మూతి ఉబ్బినా ఉర్కి రమ్మన్నది. గందుకే సూది ఏసినంక జరసేపు ఆడనే కూసోబెట్టింది. నాకు గవ్వేం లెవ్వు. నువ్వు ఫికర్ చెయ్యకు, పో."

చంటిపిల్లలకు నీళ్ళు పోయడం లసుమవ్వ పని. అత్త దగ్గర నేర్చుకుంది. ఆమె అరికాళ్ళు బీటలు వారి ఉంటాయి గానీ, మోకాళ్ళ కింద చర్మం మాత్రం నున్నగా మెరుస్తుంది. ఇన్నేళ్ళుగా నూనె, సున్నిపిండి, వేడినీళ్ళు, పిల్లల వీపులు రాసుకుని రాసుకుని తేలిన నునుపు అది. ఆర్మూరు బజారులో ఆమె నడుస్తుంటే సగం మంది ఆమె కాళ్ళ మీద ఏడ్చినవాళ్ళే. కమీషన్ దుకాణం ముందు ముఖేష్ సేటు ఫోన్లో ఎవరినో గట్టిగా తిడుతున్నవాడు, ఆమెను చూసి గొంతు తగ్గించాడు. నెల పిల్లాడప్పుడు వాడి ఏడుపు మూడిళ్ళ అవతలికి వినిపించేది. లసుమవ్వ నవ్వుకుంటూ దాటిపోయింది.

సంధ్యారాణి వాళ్ళ కిరాణా దుకాణం వెనకే ఇల్లు. ఆమె కూతురు మానస డిచ్‌పల్లి యూనివర్సిటీలో పాఠాలు చెబుతుంది. కాన్పుకు వచ్చిన మానస సెలవు అయిపోయి, ఈ సాయంత్రమే మూడోనెల పాప అక్షితతో వెళ్ళిపోతుంది. రెండు నెలలు లసుమవ్వ కూడా వెంట వెళ్ళి ఉండాలని మాట. ఆరు నెలలు నిండని పిల్లలకు ఫ్లూ సూది వెయ్యరనీ, వాళ్ళను ఎత్తుకునేవాళ్ళు వేయించుకుంటే మంచిదనీ డాక్టరమ్మ చెప్పింది. మానస కడుపుతో ఉన్నప్పుడే వేయించుకుంది. నిన్న తల్లినీ లసుమవ్వనూ క్లినిక్కు తీసుకెళ్ళింది. ఈ ప్రయాణం కోసమే లసుమవ్వ, పెర్కిట్‌లో కొత్తగా కాన్పయిన కావేరి వాళ్ళింటికి రానని కబురు పంపింది కూడా.

పెరట్లో నీళ్ళు కాగుతున్నాయి. లసుమవ్వ పాప దగ్గరికి పోకుండా గడప బయటే నిలబడింది.

"అమ్మా, ముందే చెప్తున్న. నా పెయ్యి జర ఎచ్చగున్నది. సూదితోనే."

సంధ్యారాణి పాపను గబుక్కున ఒళ్ళోకి లాక్కుంది. "నాకూ నిన్ననే ఏసిండ్రు గద. నాకేం గాలే. నీకే ఎందుకొస్తది? అది వేరే జరం. పిల్లకంటితే ఎట్ల?"

ఇన్నేళ్ళలో లసుమవ్వను చూసి పిల్లను వెనక్కి లాక్కున్న ఇల్లు లేదు. మొహంలోకి వేడి ఎక్కింది. అది సూది వేడి కాదు.

మానస ఫోన్ తీసి, క్లినిక్‌లో సూది వేసిన నర్సు లిదియాకు కలిపి, అందరికీ వినబడేలా పెట్టింది.

"దగ్గుందా అవ్వా? ముక్కు కారుతుందా? గొంతు నొస్తుందా?" అడిగింది లిదియా.

"ఏది లేదు సిస్టరమ్మా. రెట్ట లేస్తలేదు, అంతే."

"అట్లనే ఉంటది. కొందరికి తెల్వనే తెల్వదు, కొందరికి జరమస్తది. ఆ సూదిల బతికున్న క్రిమి ఉండదు, దాంతోని ఫ్లూ రాదు. పాపకు అంటేది గాదు. కానీ సూది పని చేసెటందుకు రెండు వారాలు పడతది. నడుమ దగ్గు, సర్ది వస్తే మాత్రం పాప దగ్గరికి పోవద్దు. జరం పెరిగినా, రెండు మూడు దినాల్ల తగ్గకున్నా నా దగ్గరికి రా."

సంధ్యారాణి పాపను ఇచ్చింది. కానీ పక్కనుంచి కదలలేదు.

లసుమవ్వ పీట మీద కూర్చుని చీర పైకి దోపి కాళ్ళు చాపింది. పాపను పడుకోబెట్టి, మెడ కిందికి ఎడమచెయ్యి పోనిచ్చింది. రెట్టలోంచి సలుపు మోచేతి దాకా దిగింది. వేళ్ళు బిగుసుకోవాల్సినంత బిగుసుకోలేదు. ఎవరూ గమనించలేదు గానీ ఆమెకు తెలిసింది. నూనె రాశాక పిల్ల చేపలా జారుతుంది. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, పాపను కుడిచేత్తో గుండెకు ఆనించుకుంది.

"ఈ చెయ్యి ఇయ్యాల నమ్మేటట్టు లేదు. మానసా, నువ్వు కూసో బిడ్డా."

"నేనా? నాకు భయమైతది అవ్వా."

"నీకు నీళ్ళు పోసినప్పుడు మీ అమ్మకు గూడ భయమే ఉండె. కూసో. నేను పక్కనే ఉన్న."

మానస కూర్చుంది. కాళ్ళ మధ్య సందు ఎక్కువైతే లసుమవ్వ కుడిచేత్తో దగ్గరికి జరిపింది. "మడిమెలు దగ్గర వెట్టు. ఆఁ. ఇప్పుడు నూనె. ఛాతి నుంచి చేతులకు. గట్టిగ ఒత్తకు, గట్లని ముట్టీముట్టనట్టు రాసినా ఏడుస్తది." సంధ్యారాణి చెంబుతో నీళ్ళు అందించింది. మొదటి చెంబుకు అక్షిత కెవ్వుమంది. మానస చేతులు ఆగాయి. "ఆపకు. ఆపితే చలి వెడతది. నీళ్ళు పొయ్యి." రెండో చెంబు వీపు మీంచి జారింది. ఏడుపు సన్నగిల్లి, పాప నోరు తెరుచుకుని నీళ్ళ చప్పుడు వింటున్నట్టు ఉండిపోయింది.

చెవి వెనక మడతలోకి మానస బొటనవేలు తనంతట తానే వెళ్ళింది. ఎవరూ చెప్పలేదు. లసుమవ్వ అది చూసి, చెప్పబోయిన మాట ఆపుకుంది.

మధ్యాహ్నం సంధ్యారాణి తనే చాయ్ తెచ్చి, లసుమవ్వ పక్కన కూర్చుంది. "పొద్దున గట్ల గుంజుకుంటి. మనసుల వెట్టుకోకు," అంది.

"పిల్ల మీద పానం ఉన్నోళ్ళు గట్లనే గుంజుకుంటరమ్మా." లసుమవ్వ చాయ్ ఊదుకుంది. అన్నం తిన్నాక వేసుకున్న గోలీతో వేడి తగ్గి, మెడ కింద చెమట పట్టింది.

సామాను సర్దుతూ మానస బయటికి వచ్చింది. "అవ్వా, నీ బట్టలు తెచ్చుకోలే?"

"నేను వస్తలేను బిడ్డా."

"కోపమొచ్చిందా?"

"కోపమెందుకు? నీకు చెయ్యి వచ్చింది. నాలుగు దినాలు పోస్తే నాకంటె మంచిగ పోస్తవ్. పెర్కిట్ల కావేరి బిడ్డకు మెడ గూడ నిలుస్తలేదట, ఇంట్ల పెద్దమనిషి లేదు. రెట్ట దిగినంక ఆడికి పోత. సూది ఏడాది నడుస్తదన్నవ్ గద, ఆ పిల్లకూ అక్కెరకొస్తది."

మానస ఆమె మొహంలోకి చూసింది. లసుమవ్వ కళ్ళు తిప్పుకోలేదు. డిచ్‌పల్లిలో ఎప్పుడూ ఉండలేదు, ఉండి చూడాలని అనిపించిన మాట నిజం. పాప పళ్ళులేని నవ్వు మొదలైన నెల ఇదే. ఆ నవ్వు ఇంక డిచ్‌పల్లిలో పెరుగుతుంది. అయినా మాట వెనక్కి తీసుకోవాలని ఆమెకు అనిపించలేదు.

కారెక్కేముందు మానస వంగి, "భయమైతే ఫోన్ చేస్త," అంది.

"చెయ్యి. గానీ నీకు అక్కెరవడదు."

పాప నిద్రపోతోంది. అరికాలి కింద లసుమవ్వ పెట్టిన కాటుక చుక్క. కారు బజారు మలుపు తిరిగి హైవే వైపు పోయింది. సంధ్యారాణి కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ దుకాణంలోకి వెళ్ళింది.

లసుమవ్వ పెరట్లోకి వచ్చి, మిగిలిన నీళ్ళు పారబోసి, గంగాళం బోర్లించింది. ఈసారి ఎడమచెయ్యి కొంచెం పైకి లేచింది. తీగ మీద ఆరేసినవన్నీ తీసుకుపోయారు, ఒక్క పొత్తిగుడ్డ తప్ప. దాని అంచు ఇంకా తడిగా ఉంది.