నలభై ఒకటో మనిషి

నామినేషన్ వేయడానికి అదే ఆఖరి రోజు. మధ్యాహ్నం మూడు దాటితే అవతలి ఒడ్డున ఆఫీసు తలుపులు మూసేస్తారు. దీవికి ఉన్నది ఒక్కటే లాంచీ. ఉదయం పది దాటితే ఆటుకి నీళ్లు వెనక్కి పోతాయి, సాయంత్రం దాకా అది బురదలోనే కూర్చుంటుంది. పంచాయతీ ప్రెసిడెంటు నాలుగుసార్లు గెలిచింది రెండో లాంచీ తెప్పిస్తాననే. ఆ ఫైలు ఇప్పుడు నిజంగానే పెద్ద ఆఫీసరు బల్ల దాకా వెళ్లింది. ఇంకొక్కసారి గెలిస్తే పనైపోతుంది.

ఆయన భార్య కాగితాలన్నీ సర్ది, సంచీ ఆయన చంకకు తగిలించి, తనూ వెంట బయలుదేరింది. తీరా ఎక్కి చూస్తే, ఆయన వెంట రావడానికి ఊరు ఊరంతా లాంచీలోనే ఉంది.

"నలభై రెండు తలలు," అన్నాడు లాంచీ నడిపే సరంగు, తాడు విప్పకుండానే. "నలభైకి మించితే కదిలించను."

ఆమె దిగి రేవు మెట్ల మీద నిలబడింది. ఇంకొకరు దిగాలి.

"ప్రెసిడెంటుగారి వెనక నేను లేకపోతే ఎలా?" అన్నాడు టైలరు.

"ఉంటే మాత్రం? ఆయన సంతకం నువ్వు పెడతావా?" అంది పంతులమ్మ.

"మీకు బడి లేదూ?"

"మన ప్రెసిడెంటు బాబాయిగారి కోసం సెలవిచ్చేశాను."

మెట్ల మీది నుంచే భార్య ప్రెసిడెంటును పిలిచింది. "ఎవరో ఒకరిని దిగమనండి. టైమవుతోంది."

ఆయన అంచు దాకా వచ్చి గొంతు తగ్గించాడు. "ఎవరిని దిగమన్నా ఒక ఇంటి ఓట్లు పోతాయే."

ఇరవై ఏళ్లుగా ఇదే వరస. కాదన్న మాట ఆయన నోట ఇంట్లోవాళ్ల దగ్గర తప్ప పలకదు. ఉద్యోగం ఇంటర్వ్యూకి బయలుదేరిన కూతురిని సరిగ్గా ఇలాగే దించేసి, ఆ చోట్లో ఎవరో మేస్త్రి తమ్ముణ్ణి ఎక్కించాడు. మరుసటి నెల పిల్ల ఎవరికీ చెప్పకుండా ఇదే లాంచీ ఎక్కి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

"ఇంకో ఐదు నిమిషాలే," అన్నాడు సరంగు నీళ్లకేసి చూస్తూ.

ఆయన అందరికీ దణ్ణం పెట్టాడు. "గొడవెందుకు, మీరంతా వెళ్లండి. నేను దిగుతాను."

చంకలో సంచీతోనే మెట్ల మీదికి దిగాడు. లాంచీలో చప్పట్లు కొట్టారు. సరంగు తాడు విప్పాడు. సగం దూరం దాటాక గాని టైలరు లేచి నిలబడి వెనక్కి చూడలేదు. "అయ్యో, నామినేషను!" అని అరిచాడు. వెనక్కి తిప్పడానికి రేవులో అప్పటికే నీళ్లు లేవు.

"ఒక్కరు దిగితే చాలన్నాడు కదే," అన్నాడాయన.

ఆమె పళ్లు బిగించింది. ఈయన ఆ లాంచీ ఎక్కకుండా తన దగ్గర ఉంటే చాలని ఎన్నేళ్లు అనుకుందో. ఇప్పుడు పక్కనే ఉన్నాడు. పీక పిసకాలనిపించింది.

"అమ్మాయి కూడా ఈ మెట్టు మీదే నిలబడింది," అంది.

ఆయన వినలేదు. దూరమవుతున్న నలభై మందికీ నవ్వుతూ చెయ్యి ఊపుతున్నాడు. ఆమె ఆ చేతిని పట్టుకుని కిందికి దించింది.