నూట పన్నెండు పేర్ల పుస్తకం

నేను ఒక పుస్తకాన్ని. నూట యాభై రెండు పుటలు, బూడిదరంగు అట్ట, దానిమీద ఒక ప్రాంతీయ విశ్వవిద్యాలయం ముద్ర. పేరు ‘పలకరాతి మాటలు’. ముప్పై ఎనిమిదేళ్ళ కిందట ఐదువందల ప్రతులుగా పుట్టాం. మిగతావాళ్ళు ఏమయ్యారో నాకు తెలీదు.

నన్ను రాసిన జాలాది ఏసుపాదం తెలుగుశాఖలో లెక్చరరు. ఆయన బయల్దేరింది నాలాంటి పుస్తకం కోసం కాదు. బడిపిల్లల పలకలు కోసే పనివాళ్ళ దగ్గర వృత్తిపదాలు ఏరుకుని, పదకోశం కట్టి, డాక్టరేటు పుచ్చుకుందామని. భుజాన టేపురికార్డరు తగిలించుకుని ఫ్యాక్టరీలున్న ఊళ్ళకు వెళ్ళాడు. అక్కడ దార్ల పిచ్చయ్య అనే కోతమనిషిని పట్టుకుని, రాతిని చీల్చే రంపం చూపించి, “దీన్ని మీరేమంటారు?” అని అడిగాడు.

“రంపమే అంటాం సార్. దీనికి వేరే పేరేముంది,” అన్నాడు పిచ్చయ్య. కాసేపు దగ్గి, మళ్ళీ అన్నాడు: “ఈ దగ్గుకు మాత్రం పేరుంది. రాసుకోండి. పలకదగ్గు.”

ఏసుపాదం రాసుకున్నాడు. ఆ మాట అప్పటికి ఏ నిఘంటువులోనూ లేదు. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని మనిషి ఎండిపోవడం ఉంది గానీ, ఆస్పత్రి చీటీల్లో దాన్ని క్షయ అని రాసేవాళ్ళు. క్షయ అంటే రోగి తప్పు. దుమ్ము అంటే వేరేవాళ్ళ తప్పు.

ఆరునెలల తర్వాత, సేకరించిన మాటలు సరిచూసుకుందామని ఏసుపాదం మళ్ళీ అవే ఊళ్ళు తిరిగాడు. మాటలు ఉన్నాయి. చెప్పినవాళ్ళు కొందరు లేరు. నోటుపుస్తకం వెనకవైపు నుంచి వాళ్ళ పేర్లు రాయడం మొదలుపెట్టాడు. పేరు, తండ్రి పేరు, ఊరు, వయసు, ఎన్నేళ్ళు కోతపని చేసిందీ. ఇంటింటికీ వెళ్ళి అడిగాడు. రెండేళ్ళకు ఆ వెనక పేజీలు ముందు పేజీల్ని దాదాపు తాకాయి.

ప్రచురణల విభాగం అధికారి రాతప్రతి చూసి కళ్ళద్దాలు తీశాడు. “పదకోశంలో చావుల పట్టిక ఏమిటయ్యా?”

“మాటలిచ్చినవాళ్ళ పేర్లు వెయ్యడం ఆనవాయితీ కదండీ. వీళ్ళే ఇచ్చారు,” అన్నాడు ఏసుపాదం.

ఆయన దాన్ని అచ్చుకు పంపాడు. నేను ప్రూఫుల్లో ఉండగా పిచ్చయ్య పోయాడు. కృతజ్ఞతల పుటలోంచి అతని పేరు తీసి చివరి పుటలో చేర్చారు. నూట పన్నెండు. దార్ల పిచ్చయ్య, తండ్రి అబ్రహాము, వయసు ముప్పై నాలుగు, కోతపని పదహారేళ్ళు.

ఏసుపాదం నన్ను తీసుకెళ్ళి పిచ్చయ్య భార్య గాలెమ్మ చేతిలో పెట్టాడు. ఆమెకు చదువు రాదు. కానీ ఏడేళ్ళ కూతురు మరియమ్మ అప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటోంది. నాన్న ఇంటికి తెచ్చిన పగిలిన పలకముక్క మీద నేర్చుకున్న అక్షరాలు అవి. చివరి పుట తెరిచి ఆ పిల్ల “ద-కు-దీర్ఘం-దా...” అని మొదలుపెట్టి పేరు పూర్తిచేసేసరికి గాలెమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తర్వాత చాలా ఏళ్ళు నేను ఆ ఇంట్లో దుప్పట్ల మధ్య ట్రంకుపెట్టెలో ఉన్నాను. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. “మా ఆయన ఉన్నాడా ఇందులో?” “మా అన్న ఎన్నో నెంబరు?” మరియమ్మ వేలుపెట్టి చూపించేది. వాళ్ళు ఆ అక్షరాలను తడిమి వెళ్ళేవాళ్ళు. పండితులు నన్ను ఎలా చదివారో తెలీదుగానీ, అంత శ్రద్ధగా మాత్రం చదివుండరు.

మరియమ్మ పెరిగింది. ఆమెకు యోహాను అనే అతనితో పెళ్ళయింది. పలకలకు గిరాకీ తగ్గాక అవే ఫ్యాక్టరీలు అదే రాయిని ఇళ్ళకు పరిచే బండలుగా కోస్తున్నాయి. యోహాను అక్కడే కోతపనికి కుదిరాడు. ఆ ఊళ్ళో వేరే పని లేదు.

పోయినేడు విశ్వవిద్యాలయం స్వర్ణోత్సవాలకు ఇరవై పుస్తకాలు వెయ్యాలనుకుంది. పన్నెండు కొత్తవి, ఎనిమిది పునర్ముద్రణలు. ఆ ఎనిమిదింటిలో నేనున్నాను. గ్రంథాలయం రిజిస్టరులో ఉన్నాను, బీరువాలో లేను. ఏసుపాదం చనిపోయి చాలాకాలమైంది. ప్రచురణల విభాగంలో సహాయ సంపాదకురాలు భ్రమరాంబ ఆరా తీస్తూ తీస్తూ గాలెమ్మ గుమ్మంలోకి వచ్చింది.

“మళ్ళీ అచ్చేస్తారామ్మా? అందరి పేర్లూ?” అంది గాలెమ్మ.

“మొత్తం పుస్తకం వేస్తాం పెద్దమ్మా. మూడు నెలల్లో నీ పుస్తకం నీకు తెచ్చిస్తాను.”

గాలెమ్మ నన్ను ఉతికిన తుండుగుడ్డలో చుట్టి ఇచ్చింది. పేరు రెండోసారి అచ్చులోకి ఎక్కుతుందన్న ఆశే లేకపోతే ఆమె నన్ను ఎవరికీ ఇచ్చేది కాదు.

స్కానింగు యంత్రంలో పెట్టాలంటే కాగితాలు విడిగా ఉండాలట. బైండరు ఖాదర్‌వలీ నన్ను కటింగు మిషను కింద పెట్టి, ఒకసారి ఆగి, “ఒకటే కాపీనా మేడం? కోస్తే మళ్ళీ కుట్టలేం, అంచు చాలదు,” అన్నాడు. భ్రమరాంబ డైరెక్టరు గదివైపు చూసి, “కొయ్యి ఖాదర్,” అంది. ఒక్క వేటుకు నా వెన్ను పోయింది.

డైరెక్టరు ప్రూఫులు తిరగేశారు. ‘పలకదగ్గు’ను కొట్టేసి ‘శ్వాసకోశ సమస్య’ అని రాశారు. చివరి ఎనిమిది కాగితాలు పక్కన పెట్టారు.

“చూడమ్మా, ఇది భాషాగ్రంథం. చావుల పట్టిక దీనికెందుకు? పైగా ఆ ఫ్యాక్టరీలవాళ్ళ మనవడు మన పాలకమండలిలో ఉన్నారు. ముందుమాట కూడా ఆయనే రాస్తానన్నారు.”

“ఆ పెద్దావిడ పుస్తకం ఇచ్చింది ఆ పేజీ కోసమే సార్.”

“ఇంకో ముద్రణలో చూద్దాంలే.”

నా అనుభవంలో ఇంకో ముద్రణ అంటే ముప్పై ఎనిమిదేళ్ళు.

భ్రమరాంబ ప్రూఫుల మీద సంతకం చేసింది. చెడ్డమనిషి కాదు. ఆమె ఉద్యోగాన్ని ఏటేటా పొడిగించాలి. పొడిగించేది ఆయనే.

ఆవిష్కరణ సభకు గాలెమ్మను పిలిచారు, సత్కారానికని. మరియమ్మ తోడొచ్చింది. యోహానుకు ఒంట్లో బాగాలేక రాలేదు. ఆ రోజే తిరిగి ఇచ్చెయ్యాలని భ్రమరాంబ నన్ను దారంతో కట్టి సంచిలో పెట్టుకొచ్చింది. అందుకే జరిగినదంతా నాకు తెలుసు.

వేదిక మీద ముందుమాట రాసినాయన మాట్లాడుతున్నాడు. తమ తాతగారు లక్షలమంది పిల్లల చేతికి పలక అందించి ఈ రాష్ట్రానికి అక్షరభిక్ష పెట్టారన్నాడు. చప్పట్లు మోగాయి. కింద రెండో వరసలో మరియమ్మ కొత్త పుస్తకం తిప్పుతోంది.

“ఎనకనుంచి తిప్పవే,” అంది గాలెమ్మ.

“ఎనకనుంచే తిప్పానమ్మా. నూట ముప్పై ఆరుతో అయిపోయింది.”

“నాయన పేరు?”

“లేదమ్మా. ఎవురి పేరూ లేదు.”

సరిగ్గా అప్పుడే గాలెమ్మను పైకి పిలిచారు. మెల్లగా మెట్లెక్కింది. డైరెక్టరు శాలువా విప్పారు. ఆమె మెడ వంచలేదు.

“సారూ, మా ఇంటాయన పేరు యాడుంది?”

మైకు దగ్గరే ఉండటంతో హాలంతటికీ వినిపించింది. డైరెక్టరు నవ్వారు. “అమ్మా, ఆయన చెప్పిన మాటలన్నీ ఇందులో భద్రంగా ఉన్నాయి.”

“మాటలున్నయ్. మనిషి యాడ?”

ఎవరో మైకు కట్టేశారు. ఆమె ఇంకా ఏదో అడుగుతూనే ఉంది గానీ అది ముందు వరస దాటి వినబడలేదు. శాలువాను కుర్చీ మీద పెట్టి, ఫొటోగ్రాఫరును పక్కకు తప్పుకోమని, తర్వాతి పుస్తకం పేరు చదివారు.

కిందికి దిగి ఆమె నేరుగా భ్రమరాంబ ముందు నిలబడింది. “నా పుస్తకం ఇయ్యమ్మా.”

భ్రమరాంబ నన్ను బయటికి తీసింది. గాలెమ్మ దారం విప్పగానే కాగితాలు చేతుల్లో చెదిరాయి. కోసిన అంచు మీద వేలు పెట్టి చూసింది.

“దీన్ని ఎవురు కోశారు?”

“మిషన్లో పెట్టాలంటే కొయ్యక తప్పదు పెద్దమ్మా,” అంది భ్రమరాంబ. “నన్ను క్షమించు. నేను చెప్పి చూశాను.”

“చెప్పావా? మరి సంతకం ఎవురు పెట్టారు?”

గాలెమ్మ మరియమ్మ చేత చివరి ఎనిమిది కాగితాలు ఏరించింది. వాటిని మడవకుండా రొమ్ముకు ఆనించి పట్టుకుంది. మిగతా కట్టను భ్రమరాంబ వైపు తోసింది.

“ఇవి మీకు కావలసినవి. ఉంచుకోండి. ఈ పేర్లు మీకు అక్కర్లేదన్నారుగా, మేం తీసకపోతాం.”

తల్లీకూతుళ్ళు బస్సుకోసం వెళ్ళిపోయారు. నేను గోదాములోకి వచ్చాను. నా పేరే పెట్టుకున్న కొత్త పుస్తకాల కట్టలు నా చుట్టూ నడుమెత్తు పేర్చి ఉన్నాయి. నున్నటి కాగితం, రంగుల అట్ట. ఎవరూ అడగరు వాటిని.

నాలుగునెలలకు భ్రమరాంబ గోదాములోకి వచ్చి ఆ కట్టల మీద కూర్చుంది. ఆమెకు పొడిగింపు రాలేదు. ఆ పేర్లను తనే చిన్న పుస్తకంగా వేద్దామని, ఫొటోలు తీసుకోవడానికి ఆ ఊరు వెళ్ళొచ్చిందట. ఆ సంగతి ఖాదర్‌వలీకి చెబుతోంది.

“పెద్దమ్మ నాతో మాట్లాడలేదు. మరియమ్మే కాగితాలు చూపించింది. చేతికి మాత్రం ఇవ్వలేదు, తనే పట్టుకుంది. ఆఖరి పేజీలో పిచ్చయ్య పేరు కింద సగం ఖాళీ ఉంటుంది చూడు ఖాదర్. అక్కడ పెన్నుతో ఇంకా తొమ్మిది పేర్లు రాసి ఉన్నాయి. అన్నీ మరియమ్మ చేతిరాతే. చివరిది వాళ్ళాయన, యోహాను.”

“వాళ్ళాయనా?”

“పోయి పదకొండు రోజులు. సిరా ఇంకా నల్లగా ఉంది. అందులోనూ వరస తప్పలేదు, తండ్రి పేరు, ఊరు, వయసు, ఎన్నేళ్ళ పని. ఏం మాట్లాడాలో తెలీక, కింద గీత గీసి ముగించలేదేం అన్నాను.”

“ఏమంది?”

“ఇంకా చోటుంది మేడం, అంది.”

ఖాదర్‌వలీ కొత్త పుస్తకాల కట్టొకటి భుజానికెత్తుకుని బయటికి నడిచాడు. ఆ పేర్లు ఎక్కడిదాకా వెళ్ళినా నాకు ఇక తెలియదు. నేను నూట ముప్పై ఆరో పుట దగ్గరే ఆగిపోయాను.