తాతగారి బాన

జుంబెర్ ఇంటి వైన్ కొట్టంలో నేలలోకి మెడదాకా పాతిపెట్టిన బానల్లో అన్నిటికంటే పెద్దది అతని తాత చేయించినది. మనిషి దిగితే తల కూడా కనబడనంత లోతు, మూతి మాత్రం ఇరుకు. దాని గొప్ప చెప్పుకోకుండా జుంబెర్ ఏ పెళ్ళిలోనూ భోజనం ముగించలేదు. అలాంటివాడు ఈ ఏడు దాని పక్కన మట్టి కుప్ప పోయించాడు, పూడ్చేయడానికి.

కొత్త ద్రాక్ష పోసేముందు ఎవరో ఒకరు లోపలికి దిగి కడగాలి. జుంబెర్ మోకాళ్ళు మొరాయించాయి. కొడుకు గెలా ద్రాక్ష కోతకని త్బిలిసి పట్నం నుంచి కొత్త పెళ్ళాంతో వచ్చాడు గాని, మూతిలో భుజాలు ఇరుక్కుని నానా తంటాలూ పడి బయటికొచ్చాడు.

"జున్నురొట్టెలు మేసి మేసి దున్నపోతులా తయారయ్యావురా!" అన్నాడు జుంబెర్. "పార తీసుకో. పూడ్చెయ్. నేను చూడలేను." అతనికి ఏడుపొక్కటే తక్కువ.

కోడలు నెస్తాన్ అప్పటికే చెప్పులు విప్పేసింది. "నేను దిగుతా మామయ్యా."

"ఆడవాళ్ళు బానలో దిగడం మా ఇంటా వంటా లేదమ్మా."

"పూడ్చడం ఉందా మరి?"

జుంబెర్ కొవ్వొత్తి వెలిగించి తాడుతో అడుగుదాకా దించాడు. అది ఆరలేదు, అంటే లోపల ఊపిరాడేంత గాలి ఉన్నట్టే.

"లోపలున్నంతసేపూ పాడుతూ ఉండు. పాట ఆగిందా, జుట్టు పట్టి లాగేస్తా."

ఆ పిల్లకు శ్రుతీ లేదు, లయా లేదు. అయినా పాడుతూనే చెర్రీ బెరడు కుంచెతో గోడలు రుద్దింది. గెలా నీళ్ళు తోడి పైకి లాగాడు. ఆ నీళ్ళు ఇంటి పెద్ద తాగగలిగితేనే బాన శుభ్రమైనట్టు. జుంబెర్ గుక్కెడు నోట్లో పోసుకుని ఉమ్మేశాడు.

"మా నాన్న కాలం నాటి మడ్డి ఇంకా ఉంది."

మళ్ళీ రుద్దింది. మళ్ళీ ఉమ్మాడు. పొద్దు వాలింది, ఆమె గొంతు బొంగురుపోయింది.

"చాల్లే నాన్నా, అది పడిపోయేలా ఉంది," అన్నాడు గెలా.

"నువ్వూరుకో!" అంది బాన లోపలి గొంతు. "మామయ్యా, ఇంకో బిందె పొయ్యండి."

జుంబెర్‌కి ఒళ్ళు పులకరించింది. తాత కూడా సరిగ్గా ఇలాగే గదమాయించేవాడు.

ఈసారి నీళ్ళతోపాటు నెస్తాన్ కూడా పైకొచ్చింది, మోచేతులు ఎర్రగా చీరుకుపోయి. జుంబెర్ గిన్నె ఎత్తి నోట్లో పోసుకున్నాడు. ఆమె ఊపిరి బిగబట్టి చూసింది. అతను ఉమ్మలేదు. గిన్నె ఖాళీ చేసి, మీసాలు తుడుచుకుని, ఆమె ముందుకు చాపాడు.

"ఇంకొంచెం పొయ్యమ్మా."