పెట్టె మీద కూర్చున్న పిల్ల

బోధన్‌లో సుమిత్రమ్మ సినిమా కథ చెప్పిందంటే, తెర మీది బొమ్మ సిగ్గుపడి పక్కకు తప్పుకోవాల్సిందే. బీడీలు చుట్టే ఆడవాళ్లకు అప్పట్లో ఒక పద్ధతి ఉండేది. నిజామాబాద్ పోయి సినిమా చూసి వచ్చిన మనిషి మరునాడు బీడీల చాట ముట్టదు. కథ చెబుతుంది. ఆమె వంతు బీడీలు మిగతావాళ్లే తలా ఇన్ని చుట్టేస్తారు.

నలభై ఏళ్ల కిందట అందరూ తలా ఇన్ని పైసలు వేసుకుని సుమిత్రమ్మను ఒక పల్లెటూరి పిల్ల కథ ఉన్న సినిమాకు పంపారు. ఆ కథ ఆమె ఆరు రోజులు చెప్పింది. అందులో ఆ పిల్ల పట్నం బాబును చెరుకు బండి మీంచి బురదలోకి తోసింది. నాగుపాముకు జడ వేసింది. చక్కెర ఫ్యాక్టరీ రైలును కొంగు చూపించి ఆపింది. రైలు ఇప్పటికీ అక్కడే నిలబడి ఉందని కూడా సుమిత్రమ్మ చెప్పింది.

నిజానికి ఆమె టాకీసు లోపలికి అడుగే పెట్టలేదు. టికెట్టు పైసలతో గాజులు వేయించుకుంది. గేటు దగ్గర అద్దాల వెనక ఉన్న ఆరు ఫోటోలు చూసి బస్సెక్కింది. దారిలో జానకంపేట వచ్చేసరికి కథ తయారు.

ఐదో ఫోటోలో పిల్ల పుట్టింటి గడపలో రేకు పెట్టె మీద మూతి బిగించి కూర్చుంది. మొగుడు వచ్చి పిలిస్తే తప్ప లేవనని పంతం పట్టిందని సుమిత్రమ్మ చెప్పింది. ఆ మాటకు అందరికంటే ఎక్కువ ఏడ్చింది పక్కింటి రాములవ్వ. మరుసటేడు మొగుడు భూమన్నతో తగువు పడి ఆమె మోర్తాడ్‌లో పుట్టింటికి పోయింది. సినిమాలో పిల్లలాగే ఆయన వచ్చేదాకా కదలనంది. ఆయన వచ్చేసరికి పదకొండు నెలలైంది. ఆ పదకొండు నెలలు సుమిత్రమ్మ అసలు సంగతి బయటపెట్టలేదు.

ఇన్నేళ్లకు సుమిత్రమ్మ మనవరాలు నిఖిత ఆ సినిమాను ఫోన్‌లో పట్టుకుని, మధ్యాహ్నం టీవీకి కలిపింది. ఆనాడు కథ విన్న ముసలివాళ్లంతా చాటలతో సహా వచ్చి కూర్చున్నారు.

సగం సినిమా అయ్యాక రాములవ్వ అడిగింది. "సుమిత్రా, పామేదే?"

"కోసిండ్రు. టీవీల పాములను కోస్తరు."

"మరి రైలు?"

"రైలు గంత పొడుగుంటది. గీ టీవీల యాడ పడ్తది?"

అందరూ నవ్వారు. సుమిత్రమ్మ కూడా నవ్వింది గానీ, మెడ వెనక చెమట పట్టింది. బతుకంతా అబద్ధాలను హాయిగా ఊరి మీదికి వదిలిన మనిషి ఆమె. ఒక్కటీ తిరిగి ఇల్లు వెతుక్కుంటూ రాలేదు, ఇవాళ తప్ప.

"నిఖితా, బంద్ జెయ్యే బిడ్డా. కండ్లు గుంజుతున్నయ్."

"ఇంకో పది నిమిషాలే అవ్వా."

పెట్టె వచ్చింది. పిల్ల దాని మీద కూర్చుని మూతి బిగించి అటూ ఇటూ ఊగింది. చీరలు ఎక్కువై మూత పడటం లేదు, అంతే. గొళ్లెం టక్కున పడగానే పెట్టె నెత్తికెత్తుకుంది, బస్సెక్కింది, నేరుగా మొగుడింటికి పోయి ఆయన కాళ్ల మీద దించింది. ఆయన కుంటుకుంటూ చుట్టూ తిరుగుతుంటే ఇల్లంతా పకపకలాడింది.

రాములవ్వ నవ్వలేదు. సగం చుట్టిన బీడీ ఆకు ఆమె వేళ్ల మధ్య ఆగిపోయింది.

"నేను సూడలే, రాములు," అంది సుమిత్రమ్మ.

"ఏం సూడలే?"

"సినిమా. బయట ఫోటోలు సూసిన. టికెట్ పైసలకు గాజులేసుకున్న."

"షురూ జేసింది ఇంకో కథ," అని వెనక నుంచి ఎవరో నవ్వారు. పాముకు జడ వేస్తే నమ్మినవాళ్లు ఈ ఒక్క నిజాన్నీ నమ్మలేదు. రాములవ్వ మాత్రం నమ్మింది. ఆమె చూసిన చూపుకు సుమిత్రమ్మ తల చాటలోకి వంగిపోయింది.

"మూడుసార్లు మోర్తాడ్ బస్టాండ్ దాకొచ్చి మర్లిపోయిండంట మా ఆయన," అంది రాములవ్వ మెల్లగా. "'నువ్వు రోడ్డు మీద కనవడ్డా సాలు, పిలుస్తుంటి' అన్నడు తర్వాత. నేనేమో ఇంట్ల పెట్టె మీద కూసున్న."

భూమన్న చనిపోయి ఇంకా ఏడాది కాలేదు.

"గా పదకొండు నెలలు గిప్పుడు దొరికితే ఎట్లుండే, సుమిత్రా?"

సుమిత్రమ్మ నాలుక మీదికి ఒక కథ దానంతట అదే వచ్చేసింది. ఆ రోజుల్లో భూమన్న తన గుమ్మం ముందుకొచ్చి రాములవ్వ కోసం ఎలా ఏడ్చేవాడో, ఆ ఏడుపుకు చెరుకు బండి ఎడ్లు కూడా మేత ఎలా మానేశాయో. చెబితే రాములవ్వ నమ్ముతుంది. మనసు కాస్త చల్లబడుతుంది కూడా. సుమిత్రమ్మ ఆ కథను గుటకేసి మింగింది. జన్మలో మొదటిసారి.

"తప్పయింది," అంది.

"ఇంకేమన్న సెప్పేదున్నదా?"

"లేదు. ఇంకేం లేదు."

టీవీలో పెళ్లి భోజనాలు మొదలయ్యాయి. రాములవ్వ సగంలో ఆగిన బీడీని విప్పి, ఆకు సాపు చేసి, మళ్లీ మొదటి నుంచి చుట్టసాగింది. లేచి వెళ్లలేదు. సుమిత్రమ్మ వైపు చూడనూ లేదు.