పెద్దాయన అడిగిన ప్రశ్న

ఎనిమిదేళ్ళుగా మేం ఎదురుచూస్తున్న వీడియో ఆట రెండో భాగం తాలూకు ప్రివ్యూ మధ్యాహ్నం పన్నెండింటికి వస్తుందన్నారు. పదకొండున్నరకే మా బావమరిది షాపు షట్టర్ సగానికి దించేశాడు. మాది మోటార్లకి వైండింగ్ చేసే షాపు. కాలిపోయిన రాగి తీగ పీకేసి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పోసి ఇస్తాం. బల్ల మీద నీళ్ళ పంపు మోటారు ఒకటి పొట్ట విప్పుకుని పడి ఉంది. దాని పక్కన డబ్బాకి ఫోను ఆనించి, వాడు రెండు స్టూళ్ళు లాగాడు.

"రా బావా. చుట్లు తర్వాత లెక్కపెట్టుకోవచ్చు."

"నూట పన్నెండు. గుర్తుపెట్టుకో. మర్చిపోయావంటే మళ్ళీ మొదట్నుంచి చుట్టేది నువ్వే."

యాభై రెండేళ్ళవాడికి ఈ ఆటలేంటని అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళకి జవాబు చెప్పడం మానేశాను. తెలియనివాళ్ళ కోసం మాత్రం చెబుతాను. ఆ ఆట పేరు 'దూరపు రేవు'. అందులో మనం ఒక పాత అంతరిక్ష నౌకకి కెప్టెన్. గ్రహం నుంచి గ్రహానికి సరుకు మోసుకుపోతూ, దారిలో ఎక్కినవాళ్ళతో మాట్లాడాలి. ఎవరేం అడిగినా తెర అడుగున నాలుగు జవాబులు రాసి ఉంటాయి. ఒకటి ఎంచుకోవాలి. దాన్నిబట్టి కథ నడుస్తుంది. తుపాకులు కూడా ఉన్నాయి గానీ, వాటితో నాకు పని పడలేదు.

నాకు ఆ ఆటలో నచ్చింది ఒక్కటే. నాలుగు జవాబులూ చూపించి ఆగుతుంది. మనం టీ తాగి వచ్చినా సరే, ఎదుటి మనిషి అలాగే నిలబడి ఉంటాడు. ఈ భూమ్మీద నా కోసం అలా నిలబడినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అది కూడా ఒక చేత్తోనే.

నేను ఆరో తరగతిలో బడి మానేశాను. అక్షరాలు రావని కాదు. ఒక్కొక్కటీ తెలుసు. అన్నీ కలిసి ఒకేసారి మీదకొచ్చేసరికి, సంతలో తప్పిపోయిన చుట్టాన్ని వెతుక్కున్నట్టుంటుంది. దొరుకుతాడు, కానీ టైం పడుతుంది. ఎవరూ ఆ టైం ఇవ్వరు. కౌంటర్లో గుమాస్తా ఇవ్వడు, బ్యాంకు మెషీను ఇవ్వదు, టీవీ అడుగున పరిగెత్తే వార్తలు అసలే ఇవ్వవు. రాయడం వేరు. రాసేటప్పుడు ఎవరూ గడియారం పట్టుకుని నెత్తి మీద నిలబడరు. చదవడమే నా గుట్టు. కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయానని ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాను. మా బావమరిదికి కూడా తెలీదు. వాడికి పని నేర్పింది నేను. వాడి ముందు నేను తగ్గలేను.

వీడియో మొదలైంది. కొత్త నౌక, కొత్త గ్రహాలు, ఆకుపచ్చ రంగు సముద్రం. వాడు ప్రతిదానికీ "అబ్బ" అంటున్నాడు. నేను స్టూలు అంచుకి జరిగి కూర్చున్నానని తర్వాత తెలిసింది. ఏడో నిమిషంలో ఒక గోడౌన్ తలుపు తెరుచుకుంది. లోపల పెద్దాయన.

పెద్దాయన అంటే మనిషి కాదు, మొదటి ఆటలో సరుకు మోసే రోబో. నెమ్మదిగా మాట్లాడుతుందని ఆ పేరు మా ఆవిడ పెట్టింది. ఇప్పుడు తుప్పు పట్టి ఉంది. ఎడమ చెయ్యి లేదు. కెప్టెన్ని చూసి, "నన్ను గుర్తుపట్టారా?" అని అడిగింది.

తెర అడుగున నాలుగు జవాబులు వచ్చాయి. వాటి కింద ఒక తెల్ల గీత వచ్చింది. అది రెండు వైపుల నుంచీ కరిగిపోతోంది. నేను మొదటి జవాబు సగంలో ఉండగానే గీత అయిపోయింది. వీడియోలో ఆడేవాడు ఏదో నొక్కేశాడు. పెద్దాయన తల వంచుకుని వెనక్కి తిరిగింది.

"భలే పెట్టాడు బావా! ఆరు సెకన్లే. ఇప్పుడు టెన్షన్ ఉంటుంది."

"కట్టేయ్."

"ఏంటి?"

"కట్టేయమన్నాను. చెత్త. ఇదో ఆటా? పిల్లల చేత గంతులేయించినట్టు." లేచి మోటారు ముందు కూర్చున్నాను.

"ఇంకా పది నిమిషాలుంది. అంతా చూడకుండా తిట్టేది నువ్వొక్కడివే."

"నూట పన్నెండు తర్వాత ఎంత?"

"నూట పదమూడు. అలిగితే అలిగావు గానీ, ఆ తీగని ఏమీ అనకు."

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి మా ఆవిడ అప్పుడే డ్యూటీ నుంచి వచ్చింది. ఆసుపత్రి లాండ్రీలో పని. రోజంతా దుప్పట్లు మడతపెట్టి వచ్చి, ఇంట్లో మళ్ళీ మా బట్టలు మడతపెడుతుంది. మొదటి ఆట అంతా అలాగే జరిగింది. ప్రతి ఆదివారం నేను రిమోట్ పట్టుకునేవాణ్ణి, తను పక్కన బట్టల గుట్ట వేసుకుని తెర మీది మాటలన్నీ పైకి చదివేది. "ఈవిడేంటి ఇలా అంటోంది, చూడండి" అంటూ, తన కోసమే చదువుకుంటున్నట్టు. నేను వింటూ, జవాబు దగ్గర వేలు ఆపేవాణ్ణి. రెండేళ్ళు పట్టింది ఆట పూర్తవడానికి.

"మధ్యాహ్నం చూశారట కదా. తమ్ముడు మెసేజ్ పెట్టాడు, బావ అలిగాడని. నేను చూడలేదు, మీతో చూద్దామని ఆగాను." టీవీలో వీడియో సిద్ధంగా పెట్టుకుని కూర్చుంది.

"నువ్వు చూడు. నేనిక ఆడను."

"ఎందుకు?"

"వయసైపోయింది."

"నిన్న రాత్రి లేని వయసు ఇవాళ ఎక్కడి నుంచి వచ్చింది?"

నేను స్నానానికి వెళ్ళబోయాను. తను లేవలేదు. చేతిలో తువ్వాలు ఉంది, మడత మధ్యలో ఆగిపోయింది.

"మీరు ఆడకపోతే నేనెలా చూడాలి? ఎనిమిదేళ్ళుగా ఆగాను. ఆ పెద్దాయన ఏమైపోయాడో అని అక్కడ దుప్పట్లు మడతపెడుతూ కూడా అనుకుంటాను. తోటివాళ్ళకి చెబితే నవ్వుతారు."

నా కోసం పక్కన కూర్చుంటుందని అనుకున్నాను ఇన్నాళ్ళూ. తన కోసం కూర్చుందని తోచనే లేదు. మంచం అంచున కూలబడ్డాను.

"ఒక గీత పెట్టారు. ఆరు సెకన్లలో జవాబు చెప్పాలి. నాకు..." ఆపేశాను. ఇరవై ఆరేళ్ళ కాపురంలో అననిది ఇప్పుడు అనాలంటే నోరు రాలేదు. "నాకు అంత గబగబా చదవడం రాదు."

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మొదటి అద్దె ఇంటి కాగితం నా చేతికిచ్చి, నువ్వే చదువు, నాకు కళ్ళు మండుతున్నాయి అన్నారే, అప్పట్నుంచి. సంతకం మాత్రం బాగానే కనిపించింది మీకు." తువ్వాలు మడత పూర్తిచేసింది. "నేను చదువుతాను, మీరు నొక్కండి. ఎప్పుడూ చేసిందే కదా."

"ఆరు సెకన్లలో నువ్వు నాలుగూ ఎలా చదువుతావు?"

"లాండ్రీలో నన్ను మించిన వేగం ఎవరికీ లేదు."

ఇంతలో పై అంతస్తు నుంచి మా బావమరిది దిగివచ్చాడు. గుమ్మంలోనే మొదలెట్టాడు. "బావా, చివరి దాకా చూడకుండా లేచిపోయావు. ఆ గీత వద్దనుకుంటే సెట్టింగుల్లో తీసేయొచ్చంట. దీనికేనా పొద్దంతా మూతి ముడుచుకున్నావు?"

మా ఆవిడ నా వైపు చూసింది. "ఆయనకి ఆ గీత అందంగా లేదట. అంతే," అంది తమ్ముడితో.

నా కోసం అబద్ధమాడింది. అది నాకు నచ్చలేదు. నా గుట్టు కాపాడటానికి తను ఇంకెన్నాళ్ళు చిన్నచిన్న అబద్ధాలు అల్లాలి?

"అందం కాదురా. నాకు చదవడానికి టైం పడుతుంది. బాగా పడుతుంది. కళ్ళజోడు కథంతా ఉత్తదే."

వాడు గుమ్మంలోంచి నా వైపు తిరిగాడు. "మరి మోటార్ల మీద పలకలు ఎలా చదువుతున్నావు?"

"అంకెలు వేరు."

"ఓహో." చెప్పులు విప్పి లోపలికొచ్చి కింద కూర్చున్నాడు. తల గోక్కున్నాడు. "నేను ఒక మాట చెబితే తిట్టకూడదు. మొదటి ఆటలో నేను ఒక్క లైను కూడా చదవలేదు. టకటకా నొక్కుకుంటూ పోయాను. పెద్దాయన్ని ఆ మంచు గ్రహం మీదే వదిలేశానని చివర్లో తెలిసింది."

"వదిలేశావా?" అంది మా ఆవిడ. అంత కోపంగా తమ్ముణ్ణి చూడటం నేనెప్పుడూ చూడలేదు.

"అక్కా, పొరపాటున."

"పొరపాటున వదిలేస్తారా ఎవరైనా?"

"ఆ గీత తీసేయమంటావా?" అని అడిగాను తనని. తను ఆలోచించింది.

"ఉండనివ్వండి. తీసేస్తే నేనెందుకు పక్కన? కావాలంటే తర్వాత తీసేద్దాం."

వీడియో ఏడో నిమిషానికి లాగాం. గోడౌన్ తలుపు తెరుచుకుంది. లేని చెయ్యి చూసి మా ఆవిడ నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుంది. దాంతో చదవడం మర్చిపోయింది. గీత కరిగిపోయింది. "మళ్ళీ" అని వెనక్కి తిప్పింది. రెండోసారి మూడు జవాబుల దాకా వచ్చింది, బావమరిది మధ్యలో పైకి సెకన్లు లెక్కపెట్టి చెడగొట్టాడు. వాడికి ఒకటి తగిలింది. మూడోసారి ఊపిరి తీసుకోకుండా, రెండేసి లైన్ల జవాబులు నాలుగూ చదివేసింది. వాటి సారాంశం ఇది. గుర్తుపట్టాను. లేదు. నువ్వెవరు. చెయ్యి ఏమైంది.

"నాలుగు," అన్నాను. గీత ఇంకా వేలెడంత మిగిలి ఉంది.

"నేనూ అదే అనుకున్నాను," అంది.

వీడియోలో ఆడేవాడు మాత్రం మూడోది నొక్కాడు. పెద్దాయన తల వంచుకుని వెనక్కి తిరిగింది. వాణ్ణి ముగ్గురం కలిసి చాలాసేపు తిట్టాం.